కిడ్నీ అని చెప్పమన్నది నేనే

ఎనిమిదేళ్ళుగా ఒక తప్పును లోపలే మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు, ఆఫీసులో చెప్పలేదు. ఆదివారం ప్రార్థనలో కళ్ళు మూసుకుని చిల్లర తప్పులన్నీ ఒప్పుకున్నాను గానీ, దీన్ని మాత్రం ప్రతివారం పక్కన పెడుతూనే వచ్చాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలను.

ముందు ఒక సంగతి. పని రాక జరిగిన తప్పు కాదిది. నా పని నాకు బాగా వచ్చు. పలాసలో హెచ్‌ఐవీ మందులిచ్చే చోట, మందులతో పాటు తిండి సాయం కూడా మొదలుపెట్టిన రోజు నుంచీ ఉన్నాను. మందుల కోసం వచ్చినవాళ్ళ బరువు చూసి, జబ్బ చుట్టూ టేపు పెట్టి కొలిచి, బాగా చిక్కిపోయినవాళ్ళకు నెలకు సరిపడా పొడి ఇస్తాం. పెసలు, వేరుశెనగ, బెల్లం కలిపి పట్టించిన పొడి. తర్వాత ఇళ్ళకు వెళ్ళి తింటున్నారో లేదో చూడాలి. మనిషి గుమ్మంలో అడుగు పెడితే చాలు, కాటా అక్కర్లేకుండా ఎంత తగ్గిందో చెప్పేస్తాను. ఇప్పుడు టెక్కలిలో కొత్తగా చేరిన అమ్మాయిలకు ఈ పని నేర్పేదీ నేనే. మేడమ్ లాగా ఓపిగ్గా ఇంకెవరూ చూడరని వాళ్ళంటారు. అలా అన్న రోజున నాకు అన్నం సహించదు.

ఆమె అసలు పేరు రాయను. చిన్నమ్మి అనుకుందాం. జలంత్రకోట దగ్గర ఒక ఊరు. ముప్పై దాటలేదు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, అత్తతో ఉండేది. ఇద్దరూ జీడితోటల్లో కూలికి వెళ్ళేవారు. మొదటిసారి మందుల డబ్బా, పొడి ప్యాకెట్లు ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద అలాగే కూర్చుండిపోయింది. ఇవి ఇంటికి పట్టుకెళ్తే అత్తకు ఏమని చెప్పాలో తెలియక.

మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. ఏ వీధిలో చూసినా ఒకరిద్దరుంటారు. ఆసుపత్రి సంచితో ఎవరు బస్సెక్కినా, కిడ్నీయా అని అడిగి, జరిగి చోటిస్తారు, ఆపైన ఇంకో ప్రశ్న వేయరు. అదే చెప్పేయమన్నాను. కిడ్నీ అను, ఎవరూ ఏమీ అడగరు అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో! చిన్నమ్మి ముఖం విప్పారింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. రోగికి ఇంకో జబ్బు పేరు అరువివ్వకూడదని మాకు శిక్షణలో మొదట్లోనే చెప్తారు. ఆ మాట అప్పుడు నాకు గుర్తుంది కూడా.

మూడు నెలల్లో ఆమె బరువు పెరగాలి. తగ్గింది. ఇంటికి వెళ్ళాను. చిన్నమ్మి తోటలో ఉంది, అత్త పొయ్యి దగ్గర ఉంది. ఆవిడ భర్త కిడ్నీ జబ్బుతోనే పోయాడు. ఆయనకు ఏళ్ళ తరబడి పథ్యం వండిన చెయ్యి అది. ఉప్పు లేదు. పప్పు లేదు. గుడ్డు లేదు, చేప లేదు. కూరగాయలు ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ వండుతోంది. తాగే నీళ్ళు కూడా చెంబుతో కొలిచి ఇస్తోంది. మా పొడిలో పప్పుందని దాన్ని ఆవు కుడితిలో కలిపేస్తోంది. కిడ్నీకి పప్పు పనికిరాదని ఆసుపత్రివాళ్ళకు ఆ మాత్రం తెలియదా అని నన్నే నిలదీసింది. భర్తను దక్కించుకోలేకపోయింది, కోడలినైనా దక్కించుకోవాలని ఆవిడ పట్టుదల. అంత ప్రేమగా పస్తు పెట్టడం నేనింకెక్కడా చూడలేదు.

నాకు అక్కడే అర్థమైపోయింది. అనుమానం కాదు, పూర్తిగా అర్థమైంది. మరి ఏం చేశాను? టెస్టులో కిడ్నీ బాగుందని వచ్చింది, ఇక అన్నీ పెట్టమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. చిన్నమ్మి గుట్టు గుట్టుగానే ఉండేది. అనలేదు. ఎందుకు? ఆవిడ ఊరుకునే మనిషి కాదు, ఆ కాగితం చూపించమంటుంది, కిడ్నీ క్యాంపుకి తీసుకెళ్ళి అడుగుతుంది, అక్కడ ఈమె పేరే ఉండదు, కిడ్నీ అని ఎవరు చెప్పారంటే నా పేరు బయటికొస్తుంది. అప్పుడే నన్ను సూపర్‌వైజర్‌ని చేయబోతున్నారు. ఇంతే కారణం. ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా ఇంతకంటే మర్యాదైన కారణం నాకు దొరకలేదు.

మరుసటి నెల మందులకు వచ్చినప్పుడు చిన్నమ్మే నోరు తెరిచి అడిగింది. “మా అత్తకి నువ్వే సెప్పక్కా. నాను సెప్తే ఇనదు.” వచ్చేసారి వచ్చి చెప్తానన్నాను. ఆమె వెళ్ళాక రిజిస్టరులో ఆమె పేరుకెదురుగా, పొడి తినడం లేదు, చెప్పినా వినడం లేదు అని రాసి సంతకం పెట్టాను. ఇంకో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ వచ్చేసారి అనే అన్నాను. ఆ తర్వాత టీబీ పట్టింది. తట్టుకునే బలం ఒంట్లో లేదు. వానలు పడకముందే పోయింది.

టీబీ వల్ల కదా అని మీరనవచ్చు. నేనూ అనుకుని చూశాను. కానీ ఆమెకంటే నీరసంగా వచ్చి, టీబీని కూడా దాటుకుని, ఇవాళ పలాస బస్టాండులో నన్ను చూసి నవ్వేవాళ్ళున్నారు. వాళ్ళు తిన్నారు.

దినకార్యం అయ్యాక వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండదని. అత్త నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

“అమ్మీ, నువ్వు సదువుకున్నదానివి. నిజం సెప్పు. నాను వొండినదాంట్లో ఏటైనా తప్పుందా?”

“లేదమ్మా. నువ్వు బాగానే సూసుకున్నావు.”

“ఉప్పు రవ్వ తగలనీలేదు. ఒకనాడు ఎండుచేప కావాలని ఎంత బతిమాలిందో. పెట్టలేదు. పెట్టుంటే అప్పుడే పోయేది గదా?”

“అవునమ్మా.”

ఆ అవును ఇంకా నా నోట్లోనే ఉంది. కొత్త అమ్మాయిలకు పాఠం చెప్పేటప్పుడు, ఏ ఇంటికి వెళ్ళినా ముందు వంట ఎవరు చేస్తారో, వాళ్ళకు ఏ జబ్బని చెప్పారో అడగండి అంటాను. గబగబా రాసుకుంటారు. అది ఎక్కడ నేర్చుకున్నానో ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్తానా? ఏమో.

ఆవిడ ఇంకా ఉంది. నిజం చెప్పాలంటే చిన్నమ్మి గుట్టు చెప్పాలి, అది నాది కాదు. గుట్టు దాచి చెప్పినా, ఆ ఎండుచేప పెట్టి ఉండొచ్చని ఆవిడకు తెలుస్తుంది. ఈ వయసులో ఆ మాట ఆవిడ మీద వేయలేను. ఇది జాలో, మళ్ళీ నా భయమో నాకు తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, మీరు క్షమించవలసినవాళ్ళూ కారు. వంటలో తప్పు లేదు. చిన్నమ్మి వినని మనిషీ కాదు. ఆకలితో ఉండి, నన్ను అడిగి, ఎదురుచూసి పోయింది. ఈ సంగతి ఇన్నేళ్ళూ నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.