సిలువ రేకుకు వేయని ఎర్రపూత

మిర్యాలగూడలో బస్సులకు రంగులేసే మట్టయ్య తాతకు ఒకటే పిచ్చి. అప్పటికింకా తాత కాలేదులెండి, మీసం నల్లగానే ఉంది. ఇనుము చేతికొస్తే చాలు, తుప్పు పోయి తళతళలాడేదాకా గీకి, కిరసనాయిలుతో తుడిచి, అవిసె నూనెలో కలిపిన సిందూరం పూసేవాడు. ఆ ఎర్రపూత ఇనుమును కరిచి పట్టుకుని తడిని లోపలికి రానివ్వదు. అది ఆరాకే పైరంగు. తొందరపెట్టే డ్రైవర్ల మీద లేచేవాడు.

"బనీను లేకుంట షేర్వానీ తొడుగుతవా? చెమట దేనికి అంటుతది?"

పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం, అతని భార్య శాంతకుమారి క్షయతో మంచం పట్టింది. ఆమె మిషన్ బడిలో పంతులమ్మ. తన సమాధి సిలువకు బిగించే ఇనుప రేకు తన కళ్ల ముందే తయారు కావాలంది.

"పేరు నేనే రాసుకుంట. నీ అక్షరాలు తాగినోళ్ల లెక్క తూలుతయి" అని నవ్వింది కూడా.

మట్టయ్య రేకు గీకి, సిందూరం పూసి వాకిట్లో ఆరబెట్టాడు. అతని అక్క అచ్చమ్మ చూసి గొంతు లేపింది.

"ఒరే మట్టిగా, సిలువకు సిందూరమేందిరా? మనదేమన్న హనుమండ్ల గుడా? చర్చి అయ్యగారు సూస్తే ఏమంటడు?"

డ్రైవర్లను గడగడలాడించే మనిషి అక్క ముందు నోరు మెదపలేదు. లోపల రోగి ఉంది, లొల్లి ఎందుకనుకున్నాడు. పచ్చిగా ఉన్న ఎరుపును గుడ్డతో తుడిచేసి, ఉత్త ఇనుము మీదే తెల్లరంగు వేశాడు. అది ఆరాక శాంతకుమారి దిండుకు ఆనుకుని, అక్షరానికోసారి దమ్ము తీసుకుంటూ, కుంచెతో తన పేరు గుండ్రంగా రాసుకుంది. వానలు పడకముందే పోయింది.

క్రిస్మస్‌కు సమాధికి సున్నం వేద్దామని వెళ్లిన మట్టయ్య కొయ్యబారిపోయాడు. రేకు మీద రంగు బొబ్బలెక్కింది. కింది నుంచి తుప్పునీళ్లు కారి ఉన్నాయి. వేలితో తాకితే మొదటి అక్షరం పెచ్చుగా ఊడి అరచేతిలో పడింది. మిగతావీ అంతే. అన్నిటినీ ఏరి చుట్టల డబ్బాలో దాచాడు. ఇంటికొచ్చేసరికి పొడి అయిపోయాయి.

రేకు మళ్లీ గీకి ఎరుపు పూస్తుంటే అచ్చమ్మ వచ్చి నిలబడింది.

"ఇది దేవునికి కాదక్కా, తడికి" అన్నాడు. "ఆ దినమే సెప్పాల్సింది."

అచ్చమ్మ నూనె గిన్నె పట్టుకుని పక్కన కూర్చుంది.

ఈసారి పేరు అతనే రాయాల్సి వచ్చింది. ఆ రేకు ఏళ్లు గడిచినా ఎక్కడా ఉబ్బలేదు. అక్షరాలు మాత్రం పూటుగా తాగినట్టే తూలుతుంటాయి. రంగు భలే నిలిచిందే అని ఎవరన్నా మెచ్చుకుంటే తాత మొహం అటు తిప్పుకునేవాడు.