వద్దన్న వీరాంజనేయులు

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగువాళ్ళలో వీరాంజనేయులుకు మంచివాడని పేరు. ఇల్లు మారేవాళ్ళు ట్రక్ బుక్ చేయకముందే అతనికి ఫోన్ చేస్తారు. కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. చీరాలలో చదువుకునే రోజుల్లో స్నేహితులందరూ ఎంపీసీ తీసుకుంటే తానూ తీసుకున్నాడు. రూమ్మేట్లు జీఆర్‌ఈ రాస్తే తానూ రాశాడు. ఇక్కడికొచ్చాక నలుగురూ కొన్న సబ్‌డివిజన్‌లోనే ఇల్లు కొన్నాడు. వ్యాన్ రంగు కూడా వాళ్ళు చెప్పిందే. పెళ్ళిసంబంధం పెద్దక్క చూసింది. ఆ ఒక్క విషయంలో అక్క మాట విన్నందుకు మాత్రం ఇప్పటికీ మురిసిపోతుంటాడు.

2021లో కోవిడ్ టీకాలు మొదలైనప్పుడు, పిల్లల్ని చూడ్డానికొచ్చి ఇక్కడే ఇరుక్కుపోయిన పెద్దవాళ్ళను టీకా కేంద్రాలకు తిప్పింది వీరాంజనేయులే. అపాయింట్‌మెంట్ వెతికిపెట్టేవాడు, వ్యాన్‌లో తీసుకెళ్ళేవాడు, బయటికి రాగానే ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చేవాడు. చివరికి తన వయసువాళ్ళ వంతు వచ్చింది.

"మీకు శనివారం స్లాట్ బుక్ చేశాను," అంది భార్య త్రివేణి.

"నాకొద్దు," అన్నాడు.

"వద్దంటే?"

"వద్దంటే వద్దనే."

ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో అతనికే తెలియలేదు. కానీ అన్నాక ఒంట్లో ఏదో హాయిగా అనిపించింది. యాభై ఏళ్ళ జీవితంలో నలుగురూ ఔనన్నదాన్ని అతను కాదనడం అదే మొదలు.

ఇక పోరు మొదలైంది. యాన్ ఆర్బర్‌లో చదువుతున్న కూతురు దియ రోజూ వీడియో కాల్ చేసేది. "నాన్నా, నీ రీజన్ ఏంటి? డేటా ఏమైనా చూశావా? నువ్వు ఇంజనీర్ కదా." వీరాంజనేయులు దగ్గర రీజన్ ఏమీ లేదు. "ఇంకొన్నాళ్ళు చూద్దాంలే" అనేవాడు. పక్క వీధి రఘు వ్యాసాల మీద వ్యాసాలు ఫార్వర్డ్ చేసేవాడు. ప్రతి శనివారం అందరూ కలిసే భోజనాల్లో ఆడవాళ్ళు త్రివేణిని పక్కకు తీసుకెళ్ళి అడిగేవారు. ఇన్నాళ్ళూ ఏ సంగతిలోనూ తనను రెండోసారి అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు ఊరంతా బతిమాలుతోంది. ఎంత బతిమాలితే అంత బిగుసుకున్నాడు.

మే నెలలో రఘు కొత్త ఇంటి గృహప్రవేశం వచ్చింది. "ఏమీ అనుకోకన్నా, లోపల పసిపిల్లలున్నారు. నీకు ఇంటి వెనక డెక్ మీద కుర్చీ వేయిస్తాను," అన్నాడు రఘు మొహమాటపడుతూ. వీరాంజనేయులు వెళ్ళి చలిగాలిలో కూర్చున్నాడు. కాసేపటికి రఘు తండ్రి కోటేశ్వరరావు ఒక కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి పక్కన వేసుకున్నాడు. ఆయనకు డెబ్బై దాటాయి, షుగర్ ఉంది. ఆయనా టీకా వేయించుకోలేదు. కొడుకు ఇంటి గృహప్రవేశంలో పులిహోర బయటే తిన్నాడు.

తిరిగి వస్తుంటే కారులో త్రివేణి అంది: "మీ ఆయనకేమైంది అని అందరూ అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టుంది. ఇక నేను అడగను. మీ ఇష్టం."

నిజంగానే అడగలేదు. దియతో కూడా చెప్పి మాన్పించింది. మిగతావాళ్ళూ విసిగి ఊరుకున్నారు. ఎవరూ అడగకపోయేసరికి వీరాంజనేయులుకు ఏమీ తోచలేదు. అసలు నాకు కావాలా, అక్కర్లేదా అని మొదటిసారి తనను తాను అడిగి చూసుకున్నాడు. తను తీసుకెళ్ళిన పెద్దవాళ్ళంతా బాగానే ఉన్నారు. త్రివేణికి ఉబ్బసం. తన వల్ల ఆమెకేమైనా అంటుకుంటే? ఒకరోజు లంచ్ టైమ్‌లో అరగంట దూరంలోని ట్రాయ్ దాకా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి, తెలిసినవాళ్ళెవరూ రాని ఒక మందుల షాపులో మొదటి డోసు వేయించుకుని వచ్చాడు.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. చెబితే, చివరికి దారికొచ్చాడంటారు.

మర్నాడు బియ్యం బస్తా కారులోంచి దించబోతే ఎడమ చెయ్యి లేవలేదు. త్రివేణి చూసింది.

"చెయ్యి నొప్పా?"

"పడుకోవడం సరిగ్గా కుదరలేదు."

"అలాగా," అని ఆమె బస్తా రెండో కొస పట్టుకుంది. కాఫీ గ్లాసు పక్కన ఒక టైలెనాల్ నొప్పి బిళ్ళ పెట్టింది. ఆ వారం భోజనాల దగ్గర మాత్రం అందరి ముందూ, "ఈయనకు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది," అని చక్కగా వాపోయింది. వీరాంజనేయులు పెరుగన్నంలోకి తల దించుకుని నవ్వాపుకున్నాడు.

అంతా సరదాగానే ఉండేది, కోటేశ్వరరావు ఆ మాట అనకపోతే. గృహప్రవేశం నుంచీ ఇద్దరూ సాయంత్రాలు చెరువు చుట్టూ నడుస్తున్నారు. ఒకరోజు అలా నడుస్తూ ఆయన అన్నాడు: "మా వాడు రోజూ నా ప్రాణం తీస్తున్నాడబ్బాయ్. ఒకటే చెప్పాను. వీరాంజనేయులు వేయించుకున్ననాడు నేనూ వేయించుకుంటానని. నువ్వున్నావనే నా ధైర్యం."

వీరాంజనేయులుకు ఆ పూట అన్నం సహించలేదు. ఇన్నాళ్ళూ తను నలుగురి వెనక నడిచాడు గానీ, తన వెనక ఒకరు నడుస్తారని ఎన్నడూ అనుకోలేదు. మర్నాడు నడకలో చెప్పేశాడు.

"బాబాయ్ గారూ, నేను వేయించుకున్నాను."

"ఎప్పుడు?"

"పది రోజులైంది, ట్రాయ్‌లో ఒక షాపులో మొదటి డోసు. అందరూ పోరుతుంటే వద్దనడం బాగుండి, చెప్పకుండా ఊరుకున్నాను. మీరు నన్ను చూసి ఆగితే మాత్రం నాకు భయంగా ఉంది."

కోటేశ్వరరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకు కోపం వచ్చింది," అని చెప్పి ఇంటికి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు నడకకు రాలేదు. వీరాంజనేయులు ఒక్కడే చెరువు చుట్టూ తిరిగాడు. తర్వాత ఒకరోజు ఫోన్ వచ్చింది.

"ఆ ట్రాయ్ షాపులో నాలాంటి షుగరున్నవాళ్ళకు వేస్తారా? మా వాడికి తెలియకూడదు."

"నా రెండో డోసు గురువారం. కలిసే వెళ్దాం బాబాయ్ గారూ."

వెళ్ళారు. త్రివేణి టీ ఫ్లాస్కు కట్టిచ్చింది, ఎక్కడికని అడగలేదు. టీకా వేయించుకున్నాక ఇద్దరూ పార్కింగ్‌లో కూర్చుని టీ తాగారు. ఇంత చిన్న సూదికా ఇంత గోల అన్నాడు పెద్దాయన.

ఆదివారం రఘు వచ్చి వీరాంజనేయులు చెయ్యి పట్టుకుని ఊపాడు. "అన్నా, మా నాన్న అంతా చెప్పాడు. నువ్వు మొండికేస్తే ఆయనే దగ్గర కూర్చోబెట్టుకుని, మంచీచెడూ చెప్పి ఒప్పించి తీసుకెళ్ళాడట కదా. నీకు ధైర్యం రావాలని తనూ వేయించుకున్నాడట."

వంటింట్లో త్రివేణి చేతిలోని గరిటె చప్పుడు ఆగింది.

వీరాంజనేయులు వంటింటి వైపు చూశాడు. "పెద్దాయన అంతలా చెబుతుంటే కాదనలేకపోయాను," అన్నాడు.