సంఘం డబ్బా

మా కతోలిక విచారణ గుడిలో, అంటే మా చర్చిలో, మగవాళ్ళ సంఘం ఒకటుంది. ఒక పునీతుడి పేరు మీద నడుస్తుంది. మొన్న దానికి జూబిలీ చేశారు. అధ్యక్షుడు మైకు పట్టుకుని సంఘం చరిత్ర చెప్పాడు. వానలు మొహం చాటేసిన ఏళ్ళలో గుడి ముందు గంజి కాచి పోశారట, దిక్కులేని శవాలకు పెట్టెలు చేయించారట, పిల్లలకు పలకలు పంచారట. అన్నీ నిజమే. కానీ ఆ గంజిలో బియ్యం ఎక్కడివో ఆయన చెప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎక్కడివో నేను చెబుతాను. మా ఇళ్ళవి. మా గుడికి వచ్చే ప్రతి ఆడమనిషీ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. అదే సంఘం డబ్బా. నెలకోసారి ఆదివారం పూజకు ఆ డబ్బా మోసుకెళ్ళి, గుమ్మం దగ్గరుండే గోనెసంచిలో ఒంపుతుంది. సంఘం పంచేది ఆ సంచిలోవే. ఇచ్చేది మేము, దండలు వేయించుకునేది వాళ్ళు. నాకు ఈ అలవాటు మా అత్త నేర్పింది. సంగటి తప్ప గతిలేని రోజుల్లో కూడా, అందులో వేసే నూకల్లోంచి కాసిని తీసి పక్కన పెట్టిన మనిషి ఆమె.

మా ఆయన ఇళ్ళు కట్టే బేల్దారి మేస్త్రీ. ఈ సంఘంలో పాత మనిషి. ఎవరైనా సాయం అడిగితే సభ్యులు ఇద్దరిద్దరుగా ఆ ఇంటికి పోయి, నిజంగా లేనివాళ్ళేనా అని చూసి రావాలి. కుండ మూత తీసి మరీ చూడాలి, అది వాళ్ళ పద్ధతి. మా ఆయన శ్రద్ధగా మూతలు తీసేవాడు.

"ఇంకొకరి కుండలోకి తొంగి చూసేకి సిగ్గు లేదా నీకు?" అనేదాన్ని.

"మోసం చేసేటోళ్ళు ఉంటారు గదే" అనేవాడు.

పోయిన ఎండాకాలం పామిడిలో పని చేస్తూ మిద్దె మీద నుంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. మంచం దిగలేడు. నేను ఇంట్లోనే నైటీలు కుడతాను. ఆయన్ని కనిపెట్టుకుని ఉండేసరికి మిషను తొక్కడం సగానికి సగం పడిపోయింది. వండుకునే బియ్యం నిండుకున్నాయి. పక్కింటి ముస్లిం అక్క రోజూ ఒక గిన్నె కూర పంపేది, మా ఇంట్లో ఏ మూతా తీసి చూడకుండానే. ఎంతకని ఆమె మీద పడతాం? ఆయన లేచి నడిచేదాకా నెలనెలా బియ్యం, కందిబేడలు ఇవ్వమని సంఘాన్ని అడిగాను. తల కొట్టేసినట్టయింది. అయినా అడిగాను.

ఇద్దరు వచ్చారు. ఇద్దరూ మా ఆయనతో కలిసి ఇళ్ళు తిరిగినవాళ్ళే. నీళ్ళు తాగి, వంటింటి వైపు చూసి మొహమాటపడ్డారు. అలాగే లేచి పోయేవాళ్ళేమో. మా ఆయన ఊరుకుంటే కదా!

"చూడండన్నా, మన ఇల్లని ఇడిసిపెట్టొద్దు. ఆ పెద్ద డబ్బా మూత గూడా తీయండి" అన్నాడు మంచం మీద నుంచి.

సంఘం డబ్బా తన ఇంట్లో నిండుగా ఉందని చూపించుకోవాలని ఆయన గొప్ప. నిండక ఏం చేస్తుంది? ఆయన్ని వదిలి గుడికి పోలేదు నేను, ఒంపిందీ లేదు. ఎసరు పెట్టిన పూటల్లా పిడికెడు తీయడం మాత్రం మానలేదు.

మూత తీశారు. అంచుదాకా బియ్యం.

"ఇన్ని బియ్యం పెట్టుకోని అడుగుతారా వదినా?" అన్నాడు ఒకాయన.

"అవి మావి కాదన్నా, సంఘానివి. పూజకు వచ్చేకి కాలేదు. అందుకే ఈడనే ఉండాయి."

"అందరూ అట్లనే చెప్తారు వదినా" అన్నాడు రెండో ఆయన, మెల్లగానే. "మీకంటే లేనోళ్ళు శానామంది ఉండారు. ముందు వాళ్ళకి ఇయ్యల్ల గదా."

వెళ్ళిపోయారు. వాళ్ళ మీద నాకెంత కోపం వచ్చిందో, మంచం మీది మనిషి మీద అంతకు రెట్టింపు వచ్చింది. వాళ్ళ బండి సందు దాటకముందే పొయ్యి వెలిగించి, డబ్బాలోని బియ్యం చేటలో పోశాను.

"ఏమే, అవి దేవుని బియ్యం!"

"ఎవురికి పెట్టమన్నాడు మీ దేవుడు?"

"లేనోళ్ళకి."

"మన కుండలో ఏమన్నా ఉండాదా?"

అన్నం వార్చి, ఆయన వీపుకు దిండు ఆనించి, కంచం చేతికిచ్చాను. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"ఇన్నేండ్లు ఊర్లోవాళ్ళకి పెట్టినా. ఈ పొద్దు నీకు పెడతాండా. తిను!" అని అరిచాను. వీధిలోకి వినబడే ఉంటుంది. వినబడనీ.

ఆయన ముద్ద కలిపాడు. కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా తిన్నాడు. నేను ఊరుకోబెట్టలేదు. నా కంచంలో ఇంకొంచెం వడ్డించుకుని, కడుపు నిండా తిన్నాను.