తొమ్మిది బారల ఈతతో అండమాన్ సముద్రంలోకి

పన్నెండేళ్ళ కాపురం తర్వాత, గోడకు తగిలించిన ఒక క్యాలెండర్ పుణ్యమా అని, నాకు ఈత వచ్చన్న సంగతి మా ఆయనకు తెలిసింది. మా అండమాన్ ప్రయాణం అక్కడే మొదలైంది. తొంభైల నడుమ మాట ఇది. మేము సిద్దిపేటలో పాత బస్టాండు వెనక కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన పోస్టాఫీసులో గుమస్తా. ఆఫీసు నుంచి తెచ్చిన ఆ క్యాలెండర్‌లో మార్చి నెల కాగితం మీద అండమాన్ సముద్రం అడుగున పగడాల తోట ఉంది. నెల మారినా నేను ఆ కాగితం తిప్పనివ్వలేదు. ఒకరోజు ఆయనకు అన్నం వడ్డిస్తూ, "ఒక్కసారన్న దీని లోపలికి పోయి సూడాలె," అన్నాను.

"లోపలికి ఎట్ల పోతవే?"

"ఈదుకుంట పోత."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. "నీకు ఈతొస్తదా? మరి ఇన్నేండ్ల సంది చెప్పలేదేంది?"

"మీరడిగిన్రా?"

మా ఆయనకు నీళ్ళంటే ఎంత భయమంటే, ఇంట్లో సంపులో నీళ్ళెన్ని ఉన్నాయో చూడాలన్నా నన్నే పిలుస్తాడు. అలాంటి మనిషి మర్నాడు ఆఫీసుకు పోయి, "మా ఇంటామె సముద్రంల ఈత కొడ్తది," అని చాటింపు వేశాడు. నాలుగేళ్ళకోసారి దేశంలో ఎక్కడికైనా పోయిరావడానికి చార్జీలిచ్చే ఎల్‌టీసీ సౌకర్యం ఆయనకుంది. తోటివాళ్ళు ఢిల్లీకో ఊటీకో పోతుంటే మేము మాత్రం అండమాన్‌కు దరఖాస్తు పెట్టాం. అప్పుడు మొదలైంది నాకు గుబులు. నేను ఈత నేర్చుకుంది నంగునూరు దగ్గర మా పొలంలోని మోట బావిలో. వీపుకు బెండు కట్టి మా బాపు నీళ్ళలోకి తోసేవాడు. పదమూడో ఏట పెద్దమనిషినయ్యాక, ఆడపిల్ల బావిలో దుంకితే నలుగురూ నవ్వుతారని మా నాయనమ్మ ఆపేసింది. నన్నెవరూ అడగలేదు, నేనూ ఏడ్చి ఊరుకున్నాను. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నీళ్ళలో దిగిందే లేదు. ఇప్పుడు కూడా దిగకపోతే ఈ జన్మకు ఇంతేనని నాకు లోపల గట్టిగా ఉండేది.

ముందు బట్టల సంగతి తేలాలి. చీరతో ఈదలేను. ఈత దుస్తులంటారా, సిద్దిపేటలో ఆ మాట అడగడానికే నాకు నోరు రాదు. మా వీధి దర్జీ యూసుఫ్ భాయ్ దగ్గరికి పోయి, మందం బట్టతో పైజామా, మోకాళ్ళ దాకా కుర్తా, చీలమండల దగ్గర నాడాలు పెట్టి కుట్టమన్నాను. ఆయన కొలతలు రాసుకుంటూ, "దేనికమ్మా ఇది, నాట్లేసేటందుకా?" అన్నాడు. సముద్రంలో ఈతకని చెప్పేసరికి కళ్ళజోడు పైకి జరిపాడు. "యా అల్లా! నలభై ఏండ్ల సంది మిషను తొక్కుతున్న, గిసొంటి ఆర్డర్ రాలే. దారం డబుల్ ఏస్త తీ." అన్నట్టే వేశాడు, ఒక్క కుట్టు కూడా ఊడలేదు.

పిల్లలిద్దరినీ దుబ్బాకలో మా అక్క దగ్గర దించాం. బడి పోతుందన్నది సాకు. నిజం చెప్పాలంటే మా ఆయనకు నన్ను కనిపెట్టుకోవడమే పెద్ద పనయ్యేట్టుంది. పొద్దున ఐదింటి ఎర్రబస్సెక్కితే ఎనిమిదింటికి జూబ్లీ బస్టాండు. సాయంత్రం సికింద్రాబాద్‌లో రైలెక్కితే తెల్లారి విశాఖపట్నం. అక్కడి నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ఓడ అప్పట్లో నెలకొకటో, అంతకన్నా తక్కువో ఉండేది. టికెట్టు కోసం రెండు నెలల ముందే రాసుకున్నాం. బంక్ క్లాసు మనిషికి ఐదారు వందలు పడినట్టు గుర్తు. రెండు రాత్రులు, మూడు పగళ్ళ ప్రయాణం. ఓడ క్యాంటీన్‌లో పప్పూ అన్నం పెడతారు గానీ మా నాలుకకు అది చప్పిడి తిండి. సంచీలో ఉన్న చింతకాయ తొక్కు, సకినాలే కాపాడాయి. మా ఆయన మాత్రం రెండో రోజు పొద్దుటి నుంచీ వాంతులు చేసుకుంటూ బంక్ ఇనుప కడ్డీ వదలలేదు. "నేల ఎప్పుడొస్తదట?" అని గంటకోసారి అడిగేవాడు. నేను డెక్కు మీదికి పోయి వచ్చి, "ఇంక కొద్దిసేపే," అని అబద్ధం చెప్పేదాన్ని. పాపం, ఆ మూడు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ జాలీ రెండూ వస్తాయి.

పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక రాత్రి ఆగి, మర్నాడు ఆరింటి ప్రభుత్వ బోటుకు హేవ్‌లాక్ దీవికి బయల్దేరాం. దానికే ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. ఇప్పటిలా గంటన్నరలో చేర్చే పెద్ద బోట్లు లేవు, నాలుగు గంటలు పట్టింది. దీవిలో కరెంటు సాయంత్రం కొద్దిసేపే. వెదురు తడికెల గది రోజుకు వంద రూపాయలు. జెట్టీ దగ్గర టీ తాగుతుంటే పక్కనే తెలుగు వినబడింది. ప్రాణం లేచొచ్చింది! అతని పేరు అప్పలస్వామి. వాళ్ళ నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డాడట. సొంత డింగీ, అంటే మోటారు బిగించిన చిన్న పడవ, ఉంది. ఎలిఫెంట్ బీచ్‌కు తీసుకుపోయి తేవడానికి నూటయాభై, నీళ్ళలో చూసే అద్దం, ఊపిరి గొట్టం ఇరవై అన్నాడు. "పగడాల మీద పడవ నిలపకూడదమ్మా, ఇరిగిపోతాయి. ఇసకలో ఆపుతాను, ఆడనుంచి ఓ అరవై బారలు ఈదుకెల్లాల. ఈతొచ్చు గదా?" అన్నాడు. నేను నోరు తెరవకముందే, "మస్తుగొస్తది!" అన్నాడు మా ఆయన.

ఆ మధ్యాహ్నమే పోయాం. ముప్పావు గంట ప్రయాణం. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున పడవ నీడ కనబడుతోంది. అద్దం తగిలించుకుని అమ్మా అనుకుని దిగాను. ఉప్పునీళ్ళు మనిషిని పైకే తేలుస్తాయి, బావిలో కన్నా సులువే. శరీరం ఏదీ మరచిపోలేదు. చేతులు చాపి బారలు వేస్తూ పోయాను. అంతా బాగానే ఉందనుకుంటుండగా, కొంత దూరం పోయేసరికి గుండెలో దడ పుట్టింది, వెనక్కి మళ్ళాను. మళ్ళీ పోయాను, మళ్ళీ అంతే. నాలుగోసారి నోట్లోకి ఉప్పునీళ్ళు పోయి, చేతులు టపటపా కొట్టుకుంటూ పడవ పట్టుకున్నాను. "ఏటమ్మా, ఆడే గిర్రున తిరిగేత్తన్నారు?" అని నవ్వాడు అప్పలస్వామి. పక్క పడవలోని వాళ్ళూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. మొహం తెల్లబోయి ఉంది. "సాలు, ఎక్కు. నీకేమన్నయితే మీ బాపుకు నేనేం జవాబు చెప్పాలె?" అన్నాడు. అంత దూరం నుంచి వచ్చి పగడం ముక్క కూడా చూడకుండా పడవెక్కాను. సిగ్గుతో దారంతా తలెత్తలేదు.

సాయంత్రం గది ముందు కూర్చుంటే అన్నం సయించలేదు. మర్నాడు రెండింటికే మా తిరుగు బోటు. ఆయన వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కేసుకుని, "మీ బావి ఎంత ఎడల్పుంటదే?" అన్నాడు.

"గిప్పుడు బావి ముచ్చటెందుకు?"

"చెప్పరాదు."

"ఈ గోడ కాడికెల్లి గా గోడ కాడికి... తొమ్మిది బారలు."

"గదే!" అని తొడ మీద చరిచాడు. "నేను లెక్కపెట్టిన. నాలుగుసార్లు పోయినవ్, నాలుగుసార్లు తొమ్మిది బారలకే మళ్ళినవ్. నీకు ఈత రాక కాదు, గాడ గోడ లేక. నీ చెయ్యి గోడ కోసం దేవులాడుతుంది."

నేను నోరెళ్ళబెట్టాను. రోజుకు వేల ఉత్తరాలు చూసే కళ్ళు మరి! నాకే తెలియని నా ఈత, పడవలో కూర్చున్న ఈత రాని మనిషికి తెలిసింది. "మరి సముద్రంల గోడ యాడికెల్లి తేవాలె?" అన్నాను. "తెస్త తీ," అన్నాడు.

పొద్దున తొమ్మిదింటికి పోటు, అంటే నీళ్ళు బాగా పైకొచ్చే వేళ. ఏడున్నరకే బయల్దేరాం. మా ఆయన అప్పలస్వామికి బావి గోడ సంగతి చెప్పి, "మోటారు బంజేసి తెడ్లతోని మెల్లగ నడుపు. ఆమె పక్కపొంటే ఉండాలె, చెయ్యి చాపితే అందాలె," అన్నాడు. అప్పలస్వామి నా వైపు చూసి, "ఓలమ్మో, గోడనే పడవేసుకుని తెత్తన్నారు మీ ఆయన!" అన్నాడు. నేను దిగాను. ఆయన పడవ అంచున బోర్లా పడుకుని, కళ్ళు సగం మూసుకుని, చెయ్యి నీళ్ళ మీదికి వేలాడేశాడు. నేను తొమ్మిది బారలు వేసి ఆ చెయ్యి తాకేదాన్ని, మళ్ళీ తొమ్మిది వేసేదాన్ని. అలా అలా పోతూ తల వంచేసరికి కింద నేల మారిపోయింది.

ఏమని చెప్పను! క్యాలెండర్‌లో ఉన్నది రంగులే. ఇక్కడ చప్పుడు కూడా ఉంది, పొయ్యి మీద పేలాలు వేగుతున్నట్టు సన్నగా చిటపటలు. పగడాలను కొరికే నీలి చేపలు నా వేళ్ళ పక్కనుంచే పోతున్నాయి. మెదడు ముడతల్లాంటి ఒక పెద్ద పగడం మీద చేటంత తాబేలు కూర్చుని నన్ను చూసి లేచింది. మా బావిలో అడుగంటే చీకటి, ఇక్కడ అడుగు దాకా ఎండ. ఎంతసేపు చూశానో తెలియదు. అద్దం నిండా నా కన్నీళ్ళే అయ్యాయి, మూడుసార్లు తీసి కడుక్కున్నాను.

అప్పలస్వామి పిలిచాడు. "నీరు తీస్తందమ్మా, పడవ అడుగు రాసుకుంటాది. ఎక్కీండి, ఎల్దాం." పడవ పట్టుకున్నాను గానీ ఎక్కబుద్ధి కాలేదు. ఒడ్డు ఎదురుగానే ఉంది, అలలు లేవు. "మీరు పోండ్రి. నేను ఈదుకుంట వస్త," అన్నాను.

"గోడ లేకుంటనా?" అన్నాడు మా ఆయన. "నువ్విట్ల మొండికేస్తే నేనేం కావాలె?"

"ఒడ్డు మీద నాకు కనవడేటట్టు నిలబడుండ్రి. మీ తెల్లంగి దిక్కే సూస్కుంట వస్త."

ఆయన అప్పలస్వామి వైపు చూశాడు. "నేనూ సూత్తానే ఉంటాను బాబూ, బయమేటి నేదు," అన్నాడు అతను. వాళ్ళు చుట్టూ తిరిగి ఒడ్డుకు పోయేదాకా నేను వెల్లకిలా తేలి ఉన్నాను. తర్వాత కదిలాను. తొమ్మిది బారలయ్యాయి, భుజం దానంతటదే వెనక్కి మళ్ళింది. తల ఎత్తి చూశాను. తెల్లంగి ఉంది. ఇంకా వేశాను. మళ్ళీ గుండె దడ, మళ్ళీ తెల్లంగి. ఆపైన లెక్క మరచిపోయాను. తెల్లంగి నేననుకున్న దానికన్నా దగ్గరగా, పొట్టిగా కనబడుతోంది. ఇదేంటబ్బా అనుకుంటూనే పోతున్నాను. చివరికి నా చెయ్యి గుడ్డకు తగిలింది.

మా ఆయన గొంతు దాకా నీళ్ళలో నిలబడి ఉన్నాడు. సంపులోకి తొంగిచూడని మనిషి! కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ బార్లా చాపి, పళ్ళు కొరుకుతూ వణికిపోతున్నాడు.

"ఒడ్డు మీద నిలబడుమన్న గదా!"

"నీకు దూరమైతదని కొద్దిగంత ముందుకొచ్చిన," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "అచ్చినవా? అయితే నన్ను బయటికి తీస్కపో. కాళ్ళు కదుల్తలేవు."

నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు. చెయ్యి పట్టుకుని అడుగులో అడుగు వేయిస్తూ ఆయన్ని ఇసుక మీదికి తెచ్చాను. అప్పలస్వామి మొహం పక్కకు తిప్పుకుని తాడు చుట్టుకుంటున్నాడు. రెండింటి బోటు మాకు సులువుగానే అందింది.

ఆ తర్వాత పిల్లల్ని తీసుకుని చాలా ఊళ్ళు తిరిగాం. మా ఆయన మళ్ళీ ఏనాడూ నీళ్ళలో దిగలేదు, నేను పోరనూ లేదు. పగడాలు ఎలా ఉన్నాయని ఎవరైనా అడిగితే మాత్రం, తానే చూసినట్టు నేను చెప్పినవన్నీ చెప్తాడు. పన్నెండేళ్ళ కాపురంలో నాకు ఆయన మీద ఆ పొద్దున వచ్చినంత ప్రేమ అంతకుముందు ఎప్పుడూ రాలేదు, చెప్పడానికి సిగ్గెందుకు? నా ఇరవై ఏళ్ళ ముచ్చట తీరడానికి తన భయాన్ని గొంతు దాకా దింపుకున్న మనిషి ఆయన. రేట్లూ బోట్ల వేళలూ ఇప్పుడు మారిపోయాయి, నేను రాసినవి పట్టుకుని బయల్దేరకండి. కానీ మాలాగా బావుల్లో ఈత నేర్చుకుని సముద్రానికి పోయేవాళ్ళకు ఒక్క మాట చెప్తాను. పోటు వేళ కనుక్కుని, తెలిసిన పడవ మనిషిని వెంట ఉంచుకుని దిగండి. దిగేముందు ఒడ్డున మీకు ఎదురుగా మీ మనిషినొకరిని నిలబెట్టుకోండి. వాళ్ళకు ఈత రాకపోయినా పర్వాలేదు.