పాలుకిచ్చిన కంప్యూటర్

హాలియా బస్టాండు ఎదురుగా ఆన్‌లైన్ సెంటర్ నడిపే ఐలేశానికి ఒకటే జబ్బు. లోకంలోని సమస్త జీవరాశినీ డెస్క్‌టాపులు, ల్యాప్‌టాపులు అని రెండు మందలుగా విడగొడతాడు. డెస్క్‌టాపంటే గుంజకు కట్టిన బర్రె. ల్యాప్‌టాపంటే సంకలో మేకపిల్ల. గొర్లకాపరుల ఇంట పుట్టినవాడికి అంతకు మించిన శాస్త్రం అక్కర్లేదు.

"డెస్క్‌టాపుల కీబోర్డు పోతే కీబోర్డే మారుస్తం సారూ. ల్యాప్‌టాపుల ఒక్క మీట పోతే మొత్తం ఇప్పి పండవెట్టాలె" అనేవాడు.

"మరి కరెంటు పోతే?"

"మేత లేకుంటే బర్రె పంటది. గంత మాత్రానికి అమ్ముకుంటమా?"

నేను కాలు నిలవని మనిషిని. సంచిలో నాలుగు పుస్తకాలు, ఒక లుంగీ. నందికొండ పోయే దారిలో అక్కడ దిగితే చాలు, "వచ్చిండు ల్యాప్‌టాపు! ఛార్జింగు అయిపోయిందా సారూ?" అని కేకేసేవాడు. మనిషి తిరుగుడు మాని ఒకచోట ఇల్లు కట్టుకున్నాకే నాగరికత మొదలైందని ఎక్కడో చదివింది చెప్పబోయాను. "అంటే డెస్క్‌టాపు అయినంకనే గద!" అని నా చదువును కూడా తన మందలో కలిపేసుకున్నాడు.

ఒక పొద్దున నేనక్కడ చాయ్ తాగుతుండగా కూలిపని చేసే బాలనర్సమ్మ వచ్చింది. ఆమె కూతురు స్నేహలత రోజూ ఈ సెంటర్‌లోనే టైపింగు నేర్చుకునేది.

"తమ్మీ, పిల్ల మెట్ల మీద జారి కాలు ఇరగ్గొట్టుకున్నది. నలభై రోజులల్ల నౌకరి పరీక్ష. మళ్ల రాద్దామంటే వయసు దాటుతది. ఎవలదన్న ల్యాప్‌టాపు ఇప్పియ్యరాదు."

ఐలేశం గయ్యిమన్నాడు. "ల్యాప్‌టాపు మీద టైపింగా? పరీక్షల పెద్ద కీబోర్డు ఇస్తరక్కా! మేకపిల్ల మీదెక్కి సవారి నేర్చుకుంటదా? నడువు, నడువు!"

ఆమె తల వంచుకొని వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"నువ్వు మనిషివేనా?"

ఐలేశం అప్పటికే టేబుల్ కింద దూరి వైర్లు పీకుతున్నాడు. గడియలో, సెంటర్‌లో ఉన్న ఆ ఒక్క డెస్క్‌టాపూ గొంగడి కప్పుకొని ఆటో ఎక్కింది. కీబోర్డు నా ఒళ్లో పెట్టాడు.

"జర మెల్లగ పోనియ్యవయ్యా! చూడి బర్రె ఉన్నది ఇందుల!" దారంతా ఆటోవాడికి ఇదే పాట.

స్నేహలత మంచం పక్కన దాన్ని నిలబెట్టి అన్నాడు: "షాపుల ఎలుకలు వైర్లు కొరుకుతున్నయి బిడ్డా. నీకు పాలుకిస్తున్న. దినాం నాలుగు గంటలు మేపకుంటే మొరాయిస్తది మల్ల!"

మా దిక్కు దూడను పాలుకివ్వడమంటే, సాకినవాళ్లకు కూడా అందులో సగం హక్కిచ్చినట్టే.

"మరి నీ షాపెట్ల నడుస్తది మామా?" అంది ఆ పిల్ల.

"షాపు ఫికర్ నీకెందుకు? ముందు టైపు కొట్టు!"

రెండు నెలల తర్వాత మళ్లీ హాలియాలో దిగాను. ఐలేశం ముందు ఒక ల్యాప్‌టాపు! ఇన్నేళ్లుగా తన బామ్మర్ది దగ్గరున్న ఏ ల్యాప్‌టాపును తిట్టని తిట్టు లేకుండా తిట్టాడో, సరిగ్గా అదే. మేకల తాడుతో టేబుల్ కాలికి కట్టేసి ఉంది.

"ఇదేంది ఐలేశం?"

"కట్టేసినంక అది డెస్క్‌టాపే సారూ!"

"స్నేహలత?"

"పాసయింది. మరి బర్రె మీద నేర్చింది గద! ఇప్పుడు వాడకట్టు ఆడపిల్లలకు నేర్పుతాంది."

"మరి నీ మిషను తెచ్చుకోవా?"

"పాలుకిచ్చినదాన్ని నడిమిట్ల గుంజుకస్తరా ఎవలన్న?"

నేను సంచి భుజానికెత్తుకున్నాను. ఐలేశం టేబుల్ కింద మిగిలిన తాడు వైపు చూశాడు, తర్వాత నా కాళ్ల వైపు చూశాడు.

"చాయ్ వస్తాంది, కూసో సారూ. తాడు ఇంకా ఉన్నది."

కూర్చున్నాను.