అక్క చూపుడువేలి కింది మీట

మా అక్క లెక్కల టీచరు. ఆవిడ గొంతెత్తితే తిరుమలగిరిలో స్కూలు గోడ అవతల ఆటోవాళ్లు కూడా హారన్ ఆపేస్తారని బావ వేళాకోళం చేసేవాడు. నరాల జబ్బు ముందు ఆమె కాళ్లని, తర్వాత ఆ గొంతుని తీసుకుపోయింది. చివరికి కుడిచేతి చూపుడువేలు ఒక్కటే ఆమె మాట వింటూ మిగిలింది.

ఆ వేలి కోసం నేనొక మీట తయారుచేశాను. ల్యాప్‌టాప్ తెర మీద మాటలు ఒక్కొక్కటే వెలుగుతూ పోతాయి. కావలసిన మాట వెలిగినప్పుడు మీట నొక్కితే మిషన్ దాన్ని పైకి పలుకుతుంది. అక్క నొక్కుడు మరీ మెత్తన, మామూలు సిస్టమ్ దాన్ని ఖాతరు చేయదు. అందుకని ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే వేలు పెట్టి, అంత మెత్తని నొక్కుడిని కూడా పట్టుకునే ప్యాచ్, అంటే అతుకులాంటి చిన్న కోడు ముక్క, రాశాను. ఆ మిషన్‌తో అక్క చెప్పిన మొదటి మాట, టీలో చక్కెర ఎక్కువైందని.

ఒక వానరోజు కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ ల్యాప్‌టాప్ కాలిపోయింది. కొత్తది కొన్నాం. దాని మీద పాత కెర్నెల్ నడవదు, కొత్త కెర్నెల్‌తో కలిపి బిల్డ్ చేస్తే, అంటే నడిచే ప్రోగ్రాంగా మార్చబోతే, నా ప్యాచ్ కుదరదు. సరిగ్గా ఆ వారమే డాక్టరుగారు అడిగారు, గొంతుకి రంధ్రం చేసి వెంటిలేటర్ పెట్టమంటారా, వద్దా అని. పెట్టాక ఇక తీయడం ఉండదట. ఆమెనే అడిగి చెప్పమన్నారు.

రెప్పలతో చెప్పించాలని చూశాం. అవి వాటంతట అవే కొట్టుకుంటున్నాయి. బావకి ప్రతిసారీ అందులో అవునే కనిపించింది. నాకేమీ కనిపించలేదు.

ఏ.ఎస్. రావు నగర్‌లో నా ఇంటికి వెళ్లడం మానేసి అక్క మంచం పక్కన కుర్చీ వేసుకున్నాను. బిల్డ్ కొడితే తప్పులు చూపిస్తూ ఎర్రటి అక్షరాలు. కొత్త కెర్నెల్ రాసినవాళ్లు అందులో నేను వాడిన ఫంక్షన్‌కి పేరు మార్చేశారు. పేరు సరిచేస్తే, దానికి ఇవ్వాల్సిన వివరాలు మారాయి. అవీ సరిచేస్తే, ప్యాచ్ అతుక్కోవాల్సిన చోటే ఇప్పుడు లేదు. ఆ మార్పులు చేసిన ముక్కూమొహం తెలియని వాళ్లందర్నీ నోటికొచ్చినట్టు తిట్టాను. వాళ్ల తప్పేం లేదు. నాకు భయంగా ఉంది, అంతే.

బావ పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లోనే. తలుపు దగ్గర నిలబడి, "ఇంక షురూ గాలేదా?" అనేవాడు.

"బిల్డ్ అవట్లేదు బావా."

"జెర ఆగు, ప్రార్థన పెట్టిస్తా."

మావాళ్లలో కొత్త బండికైనా, పరీక్ష హాల్ టికెట్‌కైనా ప్రార్థనే ముందు. మర్నాడు సాయంత్రం చర్చి నుంచి స్త్రీల సమాజం వాళ్లు పాటల పుస్తకాలతో వచ్చారు. ఒక పెద్దావిడ ల్యాప్‌టాప్ మీద చేయి పెట్టి ప్రార్థించింది. చిరాకు దిగమింగుకుని మళ్లీ బిల్డ్ కొట్టాను. ఒక్క తప్పు కూడా చూపించలేదు.

తెర మీద రెండే మాటలు పెట్టాను, అవును, కాదు. వెంటిలేటర్ పెట్టించమంటావా అని అడిగి, అక్క వేలిని మీట మీద ఉంచాం. రెండూ మార్చి మార్చి వెలిగాయి. మిషన్ నోరు మెదపలేదు. ప్యాచ్‌లోనే లోపమనుకున్నాను. నా వేలితో మెత్తగా నొక్కి చూస్తే వెంటనే పలికింది. ఇంకా మెత్తని నొక్కుడికి పలికేలా, ఎంత బలంగా నొక్కాలో చెప్పే అంకెని ప్యాచ్‌లో తగ్గించి బిల్డ్ చేశాను. మళ్లీ తగ్గించాను. ఇక తగ్గించడానికి లేదనేంత వరకు తగ్గించాను.

"అవును," అంది మిషన్.

"స్తోత్రం ప్రభువా!" అని గదంతా ఒక్కసారి అరిచింది. పాట అందుకున్నారు. బావ ఏడుస్తూ ఫోన్ తీశాడు.

నేను అక్క వేలినే చూస్తున్నాను. అది మీట మీద నుంచి ఎప్పుడు జారిందో, దుప్పటి మీద పడి ఉంది. తీగలో ఊరికే పుట్టే చిన్న కరెంటు అలజడిని నా ప్యాచ్ నొక్కుడు అనుకుంది.

"బావా, అది అక్క కాదు. ఎవరూ నొక్కలేదు."

"నువ్వు జేసిన మిషినే గదయ్యా. ఇప్పుడు గాదంటవేంది?"

అక్క బతకాలని నాకూ ఉంది. అయినా ఆ మాట ఆమె అనలేదు. ఆమె చేతిని తీసి నా ఒళ్లో పెట్టుకుని, "చూడు బావా," అన్నాను. మీట దరిదాపుల్లో ఎవరి చేయీ లేదు.

"అవును," అంది మిషన్ మళ్లీ.

బావ చూశాడు. ఖాళీ మీటనీ చూశాడు, నన్నూ చూశాడు. తర్వాత గోడవైపు తిరిగి ఫోన్‌లో చెప్పాడు.

"అవునన్నది డాక్టర్ సార్. రెండుసార్లు అన్నది."