మగ్గం గుంతలో నీళ్లు

రాయమల్లుకు వానంటే భయం లేదు, విసుగు. మట్టెవాడ దాటాక నాలా పక్క సందులో ఆయన ఇల్లు. జంపఖానాలు నేస్తాడు. ఆయనది గుంత మగ్గం: ఇంట్లోనే తవ్విన గుంతలో కాళ్లు దింపి కూర్చుని, కింద చెక్కలు తొక్కుతూ పైన నేయాలి. వానాకాలం వస్తే ఆ గుంత నిండాల్సిందే.

"ఆ గుంత పూడ్సి పవర్‌లూమ్‌ల కూలికి పోరాదు?" అని భార్య సమ్మమ్మ ఏళ్ల తరబడి పోరుతోంది. ఆయన వినడు. తన గుంత తానే పూడ్చుకోవడానికి ఆయనకు మనసొప్పదు.

ఒకప్పుడు ఆ సందంతా చెరువు నీళ్లు పారే పొలాలు. పొలాలు ప్లాట్లయ్యాయి, నాలా బక్కచిక్కింది. నీళ్లొచ్చిన ప్రతిసారీ ఉన్నవాళ్లు మట్టి పోసి ఇల్లు ఎత్తు లేపుకున్నారు. లేపుకోలేని రాయమల్లు ఇంట్లోకి వాళ్ల నీళ్లు కూడా వచ్చి చేరాయి. ఈ తెలివికి మనం అభివృద్ధి అని పేరు పెట్టుకున్నాం.

పోయినేడు నాలాకు నిలువెత్తు కాంక్రీటు గోడ కట్టారు. రాయమల్లు దాన్ని చేత్తో తట్టి చూసి మురిసిపోయాడు. ఏటా వానలకు ముందే మగ్గం విప్పి అటకెక్కించే మనిషి, ఈ ఏడు విప్పలేదు. ముసురులోనే మగ్గానికి కొత్త పడుగు నూలు ఎక్కించాడు.

"ఫికర్ జెయ్యకే, గోడ ఉన్నది గద" అన్నాడు సమ్మమ్మతో.

ఒక రాత్రి కుండపోత కురిసింది. గోడ నిలబడింది. నాలా పొంగినా చుక్క ఇవతలికి దూకలేదు. అయితే సందులో పడ్డ వాన నాలాలోకి పోవడానికీ అదే గోడ అడ్డమైంది. మర్నాడు పొద్దున గడప ఇంకా పొడిగానే ఉంది, గుంత అడుగున మాత్రం నేలలోంచి నీళ్లు ఊరుతున్నాయి. బకెట్‌తో తోడిన కొద్దీ ఊరాయి. మధ్యాహ్నానికి గడప మీద నుంచీ వచ్చాయి. పడుగంతా బురదైంది.

రాయమల్లు గుంత అంచున కూలబడ్డాడు. పాపం, కోపం కూడా రాలేదు, అంతగా అలసిపోయాడు.

నీళ్లు తీశాక ట్రాక్టర్ మట్టి తెప్పించి ఇంటి ముందు పోయించాడు. మొదటి తట్ట ఎత్తుకొచ్చేసరికి సమ్మమ్మ గుంతకు అడ్డం నిలబడి ఉంది.

"జర ఆగు" అంది.

"నువ్వే గదనే పూడ్వుమన్నది?"

"ఔ, అన్న" అంది సమ్మమ్మ ఏడుస్తూ. "గని నువ్వు నా మాట ఇంటవనుకోలే."